పేరు ఎవరిది, తలుపు ఎవరిది? ఐఆర్‌సి ఛానెళ్ల చరిత్ర

మీ ఫోనులో కనీసం రెండు మూడు వాట్సాప్ గ్రూపులు ఉండే ఉంటాయి. మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలింగ్ తరగతుల వేళలు తెలిపే గ్రూపు వాటిలో ఒకటి కావచ్చు. ఆ గ్రూపుకు ఒక పేరుంది, ఒక అడ్మిన్ ఉన్నారు. వారు చేర్చుకుంటేనే మీరు లోపలికి వచ్చారు. వారు తలచుకుంటే మిమ్మల్ని తొలగించగలరు. అడ్మిన్లు మాత్రమే రాసేలా అమర్చితే మీరు చదవగలరు కాని సందేహం అడగలేరు. ఇవన్నీ మనకు మొదటినుంచీ ఇలాగే ఉన్నట్లు తోస్తాయి. నిజానికి ఇలాంటి ఏర్పాట్లలో చాలావాటి వెనుక పాత తగాదాలు ఉన్నాయి. ఆ తగాదాలు ముఖ్యంగా ఇంటర్నెట్ రిలే ఛాట్ అనే వ్యవస్థలో, 1988 తరవాతి పన్నెండేళ్లలో జరిగాయి. దాన్ని క్లుప్తంగా ఐఆర్‌సి అంటారు.

ఈ పాఠం చదివేటప్పుడు రెండు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. నలుగురు కూడి మాట్లాడుకునే చోటుకు పెట్టిన పేరు ఎవరి సొత్తు? ఆ చోటు తలుపు తీయడం, వేయడం ఎవరి చేతిలో ఉంటుంది? ఐఆర్‌సి మొదట్లో ఈ రెంటికీ ఒకే సమాధానం ఇచ్చింది: ఎవరికీ శాశ్వతంగా చెందదు, అప్పటికి అక్కడ ఉన్నవారిదే. ఆ సమాధానం ఎందుకు నిలవలేదు, దాని స్థానంలో వచ్చిన పద్ధతి అధికారాన్ని ఎక్కడికి చేర్చింది అన్నది మనం చూడవలసిన విషయం.

చరిత్ర విద్యార్థులకు కంప్యూటర్ సంగతులు ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. గౌతమీపుత్ర శాతకర్ణి నాసిక్ శాసనం గురించి మీరు చదివే ఉంటారు. భిక్షువులకు దానమిచ్చిన పొలంలోకి రాజోద్యోగులు ప్రవేశించరాదు, అందులో ఉప్పు తవ్వరాదు అనే మినహాయింపులు అందులో కనిపిస్తాయి. ఆ రెండు మూడు పదాల ఆధారంగానే రాజ్యాధికారం ఎంతవరకు సాగేదో, ఎక్కడ ఆగేదో చరిత్రకారులు చర్చిస్తారు. ఒక సర్వర్ ప్రోగ్రాములో ‘ఎవరు ప్రవేశించరాదు’ అని రాసిన నియమాన్ని కూడా అదే చూపుతో చదవవచ్చు. ఒక సౌకర్యం ఏమిటంటే, ఈ శాసనాలను రాసినవారిలో చాలామంది ఇంకా మన మధ్యనే ఉన్నారు.

అంకెల గదులు

1985లో అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయం చట్టనూగా ప్రాంగణంలో జెఫ్ కెల్, విద్యాసంస్థలను కలిపే బిట్‌నెట్ కోసం ‘రిలే’ అనే ప్రోగ్రాము రాశారు. వేర్వేరు ఊళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవారు ఒకేసారి నలుగురితో టైపు చేస్తూ మాట్లాడుకొనే వీలు దానివల్ల కలిగింది. 1988 వేసవిలో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే యువకుడు, అక్కడి ఔలుబాక్స్ బులెటిన్ బోర్డులో ఉన్న పాత సంభాషణ ప్రోగ్రాముకు బదులుగా ఐఆర్‌సిని రాశారు. రిలే ఆయన ముందున్న నమూనాల్లో ఒకటి. ఆగస్టు చివరికల్లా అది పనిచేయసాగింది. వాడేవారు పెరిగిన కొద్దీ ఫిన్లండ్‌లోని ఇతర విశ్వవిద్యాలయాలు, ఆ తరవాత అమెరికాలోని డెన్వర్, ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయాలు వచ్చి కలిశాయి.

ఈ కలయిక ఎలాంటిదో ఇక్కడే గ్రహించండి, ముందు ముందు అవసరమవుతుంది. ఐఆర్‌సికి కేంద్ర కార్యాలయం లేదు. ఒక్కొక్క సంస్థలో ఒక్కొక్క సర్వర్ ఉంటుంది. ఆ సర్వర్లు చెట్టు కొమ్మల్లా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. మీరు మీకు దగ్గరి సర్వర్‌లో చేరి ఒక మాట టైపు చేస్తే అది కొమ్మ నుంచి కొమ్మకు సాగిపోతుంది. రెండు సర్వర్ల మధ్య ఒకే దారి ఉంటుంది. ఆ దారి తెగితే చెట్టు రెండు ముక్కలవుతుంది.

మాట్లాడుకొనే చోటును ఛానెల్ అన్నారు. మొదట్లో ఛానెల్‌కు పేరు లేదు, అంకె మాత్రమే ఉండేది. ఆ అంకెలోనే తలుపు కూడా ఉండేది. చిన్న అంకెల ఛానెళ్లు అందరికీ కనిపించేవి. వెయ్యి దాటిన అంకెలు ఆంతరంగికం: మీరు ఏదో ఛానెల్‌లో ఉన్నారని ఇతరులకు తెలుస్తుంది కాని ఏ ఛానెలో తెలియదు. ఋణసంఖ్యల ఛానెళ్లు పూర్తిగా రహస్యం. అంటే మైనస్ ఇరవై మూడో గదిలో ఎవరున్నారో ఆ అంకె తెలిసినవారికే తెలుస్తుంది. తాళం లేని ఇల్లు, చిరునామా ఎవరికీ చెప్పకపోవడమే దానికి రక్షణ. వాడేవారు పదుల్లో ఉండి, దాదాపు అందరూ ఒకరికొకరు తెలిసి ఉన్నంతకాలం ఇంతకంటే అవసరం రాలేదు.

అంకె గుర్తుండదు, అదేమీ చెప్పదు కూడా. అందుకని పేర్లు వచ్చాయి. ముందుగా + గుర్తుతో మొదలయ్యే పేర్లు వచ్చాయి. వాటికి కాపలా లేదు, పెత్తనమూ లేదు. ఆపైన # గుర్తుతో మొదలయ్యే పేర్లు వచ్చాయి. వీటితో పాటే ‘ఛానెల్ ఆపరేటర్’ అనే కొత్త మనిషి కూడా వచ్చాడు. పేరుకూ పెత్తనానికీ ముడి పడింది ఇక్కడే.

తెరిచి ఉన్న ఛానెల్ విలువ ఎంతటిదో అప్పటికే లోకానికి తెలిసింది. 1991 గల్ఫ్ యుద్ధ సమయంలో వార్తల కోసం వందల మంది ఐఆర్‌సిలో గుమిగూడారు. అదే ఏడు ఆగస్టులో మాస్కోలో గోర్బచేవ్‌పై కుట్ర జరిగి వార్తాసాధనాలపై ఆంక్షలు పడినప్పుడు, అక్కడి వీధుల్లో ఏం జరుగుతోందో ఈ ఛానెళ్ల ద్వారానే కొంత బయటికి వచ్చింది. తలుపు వేసే విద్య గురించి చదవబోయే ముందు, వేయని తలుపు చేసిన మేలును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పేరు రాసే పద్ధతి

1993 మే నెలలో ఓయికారినెన్, డారెన్ రీడ్ కలిసి ఈ వ్యవస్థ నియమాలను ఆర్‌ఎఫ్‌సి 1459 అనే పత్రంగా వెలువరించారు. ఇది మన ప్రధాన ఆధారం. ఇందులో పేర్ల గురించి చెప్పింది కొద్దిగానే. # తో మొదలైతే ఆ ఛానెల్ నెట్‌వర్క్‌లోని సర్వర్లన్నిటికీ తెలుస్తుంది. & తో మొదలైతే ఆ ఒక్క సర్వర్‌కే పరిమితం. పేరులో ఖాళీ ఉండకూడదు, కామా ఉండకూడదు. పొడవు 200 అక్షరాల వరకు ఉండవచ్చు.

ఒక తమాషా సంగతి ఉంది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేకుండా పేరును ఒకటిగానే చూడాలన్నది నియమం. దానితో పాటే మీసాల కుండలీకరణాలు చదరపు కుండలీకరణాలకు చిన్నక్షరాలని కూడా ఈ పత్రం చెబుతుంది. ఇదేమి వింత అనుకుంటాం. ఆ రోజుల్లో ఫిన్లండ్, స్వీడన్ కంప్యూటర్లలో సరిగ్గా ఆ స్థానాల్లో వారి భాషల ప్రత్యేక అచ్చులు ఉండేవి. ఒక దేశపు అక్షరమాల అలవాటు అలా ప్రపంచ నియమంలోకి నడిచి వచ్చింది. నియమాలు రాసేవారి ఇంటి భాష నియమాల్లో మిగిలిపోతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దొరకదు.

మరి మన భాష సంగతి? 2000 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 2811 పేరు పొడవును 50కి తగ్గించింది. ఆ లెక్క మనం అనుకొనే అక్షరాలది కాదు, బైట్లది. యూనికోడ్‌ను ఇంటర్నెట్‌లో పంపే యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు హల్లు, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘తెలుగు’ అన్న మాటకు 18 బైట్లు. ‘హైదరాబాదుముచ్చట్లు’ అని పేరు పెడదామంటే గుర్తులు 18, బైట్లు 54. తెలుగు లిపిని అనుమతించే సర్వర్ దొరికినా ఈ పరిమితిలో ఆ పేరు ఇమడదు. అదే మాటను ఇంగ్లీషు లిపిలో రాస్తే 17, 18 బైట్లతో సరిపోతుంది. మీరే ఒక కాగితం మీద మీ ఊరి పేరుతో లెక్క వేసి చూడండి. ఎవరూ తెలుగును వద్దనలేదు. ఆ నియమం రాసేటప్పుడు తెలుగు ఎవరికీ గుర్తుకు రాలేదు, అంతే.

# గుర్తు ప్రయాణం మాత్రం చాలా దూరం సాగింది. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సీనా ట్విట్టర్‌లో బృందాలను గుర్తించడానికి ఈ గుర్తు వాడితే ఎలా ఉంటుందని ప్రతిపాదించారు. ఐఆర్‌సి ఛానెళ్ల అలవాటే అందుకు ఆధారం. ఈనాడు మనం హాష్‌ట్యాగ్ అంటున్నది అదే. గుర్తు వెళ్లింది కాని తలుపు వెంట వెళ్లలేదు. హాష్‌ట్యాగ్‌కు ఆపరేటర్ ఉండడు, దానిలోంచి ఎవరినీ గెంటలేరు.

తలుపులు, గడియలు

ఇక ప్రవేశం సంగతి. నియమం ప్రకారం లేని ఛానెల్‌లో మీరు చేరితే అది పుడుతుంది. మొదట చేరినవారే ఆపరేటర్. వారి పేరు పక్కన @ గుర్తు కనిపిస్తుంది. చివరి మనిషి వెళ్లిపోగానే ఛానెల్ లేకుండా పోతుంది. రాత్రి అందరూ నిద్రపోతే తెల్లారి ముందు వచ్చినవారిదే పెత్తనం.

ఆపరేటర్ చేతికి కొన్ని గడియలు ఇచ్చారు. పిలిచినవారికే ప్రవేశం అనేది ఒకటి. పాస్‌వర్డ్ తెలిసినవారికే అనేది ఇంకొకటి. ఇంతమందికి మించి రాకూడదని సంఖ్య పెట్టవచ్చు. ఆపరేటర్ అనుమతి పొందినవారే మాట్లాడేలా చేయవచ్చు. మీ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయగల అమరిక దీనికి దగ్గరి చుట్టం. ఇవి కాక ఆంతరంగికం, రహస్యం అని రెండు. ఆంతరంగిక ఛానెల్ జాబితాలో పేరు లేకుండా కనిపిస్తుంది, రహస్య ఛానెల్ అసలు కనిపించదు. వెయ్యి దాటిన అంకెలు, ఋణసంఖ్యలు గుర్తున్నాయా? అంకెలు పోయాక కూడా ఆ పాత విభజన పేర్ల లోకంలో అలాగే బతికింది.

నిషేధం అన్నిటికంటే ఇబ్బందికరమైన గడియ. మనిషిని గుర్తించే మార్గం లేదు కనుక, ఆ మనిషి ఏ పేరుతో, ఏ కంప్యూటర్ నుంచి వస్తున్నాడన్న దానిపై నిషేధం పెట్టాలి. పేరు క్షణంలో మార్చుకోవచ్చు. అప్పుడు మిగిలేది చిరునామా. మన దేశంలో 1995 ఆగస్టు 15న విఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. ఫోను లైనుపై ప్రతిసారీ కొత్త సంఖ్య వచ్చే రోజులవి. అలాంటి చోటినుంచి వచ్చిన ఒక్క అల్లరివాణ్ణి ఆపాలంటే ఆపరేటర్ ఆ సంస్థ చిరునామాలన్నిటినీ ఒకే దెబ్బకు మూసేయవలసి వచ్చేది. అమీర్‌పేటలోనో విజయవాడలోనో ఇంటర్నెట్ కేఫులో గంటకు డబ్బు కట్టి కూర్చున్న పిల్లవాడికి తానేం తప్పు చేశానో తెలియకుండానే ప్రవేశం లేదన్న జవాబు వచ్చేది. వ్యక్తిని గుర్తించలేని వ్యవస్థ ఊరిని శిక్షిస్తుంది. పాలనా చరిత్రలో సామూహిక జరిమానాల గురించి చదివినవారికి ఇది కొత్త కాదు.

ఇలాంటి ఛానెళ్లను రచ్చబండతో పోల్చడం మన రచనల్లో పరిపాటి. ఆ పోలిక నాకు అంతగా నచ్చదు. మన ఊళ్లలో రచ్చబండ మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు దూరంగా నిలబడాలో పుట్టుకతోనే తేలిపోయేది. ఐఆర్‌సిలో వచ్చినవాడి కులం, ఊరు తెరమీద కనబడేవి కావు. అయితే అక్కడికి చేరడానికి విశ్వవిద్యాలయ ఖాతా, ఇంగ్లీషు రెండూ కావలసి ఉండేవి. వడపోత ఛానెల్ తలుపు దగ్గర కాక, చాలా ముందే జరిగిపోయేది.

తెగిన కొమ్మ మీద దొంగతనం

ముందు చెప్పిన చెట్టును గుర్తు చేసుకోండి. రెండు సర్వర్ల మధ్య దారి తెగిందనుకుందాం. దీన్ని నెట్‌స్ప్లిట్ అంటారు. తెగిన ముక్కలో ఫలానా ఛానెల్ వారెవరూ లేకపోతే, ఆ ముక్కకు సంబంధించినంతవరకు ఆ ఛానెల్ లేనట్లే. అప్పుడు ఎవరైనా ఆ పేరుతో చేరితే వారే మొదటివారు, వారే ఆపరేటర్. కొంతసేపటికి దారి కలుస్తుంది. రెండు ముక్కల్లోని ఒకే పేరుగల ఛానెళ్లు ఒకటవుతాయి. కొత్తవాడు కూడా @ గుర్తుతోనే లోపలికి వస్తాడు. వచ్చీ రాగానే అసలు ఆపరేటర్ల హోదా తీసేసి, వారిని గెంటి, గడియ పెట్టుకుంటాడు. ఏళ్ల తరబడి కూడి మాట్లాడుకున్నవారు తమ పేరు బయట నిలబడతారు.

ఇది ఆకతాయి ఆట మాత్రమే అనుకోకండి. 1993 డిసెంబరులో రోబీ పాయింటర్ ఎగ్‌డ్రాప్ అనే ప్రోగ్రాము రాశారు. నిద్రపోకుండా ఛానెల్‌లో కూర్చొని, నమ్మినవారికి ఆపరేటర్ హోదా తిరిగి ఇచ్చి, దాడి చేసేవారిని వెళ్లగొట్టే కాపలా మర అది. స్వలింగ ప్రేమికులైన టీనేజి పిల్లలు మాట్లాడుకొనే ఒక ఛానెల్‌ను కాపాడడానికి అది పుట్టింది. ఇంట్లో చెప్పుకోలేని మాట చెప్పుకోవడానికి వచ్చిన పిల్లలకు ఆ పేరు, ఆ తలుపు ఎంత ముఖ్యమో ఊహించండి. తలుపు వేయడమంటే ప్రతిసారీ పెత్తనం చూపడమే అని తీర్మానించే ముందు ఈ ఉదాహరణను పక్కన పెట్టుకోవాలి.

ఈ దొంగతనాన్ని ఆపడం ఎలా అన్నదానిపై సర్వర్లు నడిపేవారు రెండు వర్గాలయ్యారు. ఛానెల్ ఎప్పుడు పుట్టిందో సమయం రాసిపెట్టి, దారి కలిసినప్పుడు పాతదాన్నే గుర్తించి, కొత్తదాని ఆపరేటర్ల హోదా రద్దు చేయాలని ఒక వర్గం. దారి తెగిన వెంటనే ఆ పేరుతో కొత్త ఛానెల్ పుట్టకుండా కొంతసేపు ఆపితే చాలని మరో వర్గం. మొదటిది ప్రధానంగా అమెరికా సర్వర్ల వాదం, రెండోది ప్రధానంగా ఐరోపా వాదం. సర్వర్ నిర్వాహకులకు ఎంత అధికారం ఉండాలన్న తగవు కూడా దీనికి తోడయింది. 1996 జూలైలో నెట్‌వర్క్ చీలిపోయింది. అమెరికా వైపు ఎక్కువగా ఇఎఫ్‌నెట్‌గా మిగిలింది, ఐరోపా వైపు ఐఆర్‌సినెట్ అయింది.

ఇఎఫ్‌నెట్ అన్న పేరే అంతకుముందరి ఒక తలుపు కథ. 1990లో బర్కిలీలోని ఎరిస్ అనే సర్వర్ ఏ పాస్‌వర్డూ లేకుండా ఏ సర్వర్ అయినా తనతో కలవవచ్చని తెరిచి ఉంచింది. మిగతావారు దాన్ని వెలివేసి, తమది ‘ఎరిస్ లేని నెట్‌వర్క్’ అన్నారు. ఆ మాట పొట్టి రూపమే ఇఎఫ్‌నెట్.

ఐఆర్‌సినెట్ వారు తరవాత ఇంకో ఉపాయం చేశారు. ! గుర్తుతో మొదలయ్యే ఛానెళ్లు సృష్టించి, ప్రతి పేరు ముందు సర్వర్ తానే ఐదు అక్షరాల గుర్తింపును చేర్చేలా ఏర్పాటు చేశారు. మీరు పెట్టిన పొట్టి పేరు ఇంకొకరు పెట్టినా గుర్తింపు వేరు కనుక రెండూ కలవవు. దొంగతనానికి చోటు లేదు. పద్ధతి చక్కగా ఉంది. అయినా జనం # నే పట్టుకు వేలాడారు. పేరు దొంగిలించబడగలదు అంటే ఆ పేరుకు విలువ ఉందన్నమాట; విలువ లేని భద్రమైన పేరు జనానికి అక్కరలేకపోయింది.

రిజిస్ట్రేషన్ కచేరీ

మరో దారి, మీరు ఊహించగలిగినదే: పట్టా. 1992లో వేరుపడిన అండర్‌నెట్, 1994లో పుట్టిన డాల్‌నెట్ ఛానెల్ పేరును నమోదు చేసుకొనే ఏర్పాటు చేశాయి. డాల్‌నెట్‌లో ఛాన్‌సర్వ్ అనే సేవ దగ్గర మీ పేరున ఛానెల్ రాయించుకుంటే, మీరు నిద్రపోయినా, దారి తెగినా, తిరిగి రాగానే హోదా మీకే వస్తుంది. తెల్లవార్లూ కాపలా కాయవలసిన పని తప్పింది. సామాన్య వాడుకరికి ఇది గొప్ప ఊరట, అందులో సందేహం లేదు.

కాని పట్టా పుస్తకం ఎవరి దగ్గర ఉంది? నెట్‌వర్క్ నడిపేవారి దగ్గర. 1993లో పేరు ‘ఇప్పుడున్నవారిది’. నమోదు వచ్చాక పేరు ‘పుస్తకంలో ఉన్నవారిది’. పుస్తకం దిద్దగలవారు అందరికంటే పైవారయ్యారు.

ఫ్రీనోడ్ నెట్‌వర్క్ దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాల కోసం రాబ్ లెవిన్ స్థాపించిన ఈ నెట్‌వర్క్‌లో పేర్లకు రెండు అంతస్తులు ఏర్పడ్డాయి. ఒక హాష్‌తో మొదలయ్యే పేరు ఆ పేరుగల సంస్థకు, ప్రాజెక్టుకు చెందుతుంది. వేరొకరు ముందు వచ్చి కూర్చున్నా అసలు సంస్థ వచ్చి అడిగితే ఇవ్వాలి. ఆ విషయం గురించి ఊరికే మాట్లాడుకొనేవారు రెండు హాష్‌లతో మొదలయ్యే పేరు పెట్టుకోవాలి. అక్కడ ముందు వచ్చినవారిదే. ఒక్క గుర్తు అదనంగా పెట్టి యాజమాన్యాన్నీ చర్చనూ వేరు చేసిన ఈ పద్ధతి, నా ఉద్దేశంలో, ఐఆర్‌సి చరిత్రలోకెల్లా తెలివైన పేర్ల విధానం.

దానికి పరీక్ష 2021లో వచ్చింది. నెట్‌వర్క్‌పై అదుపు ఎవరిదన్న వివాదంలో స్వచ్ఛంద సిబ్బంది రాజీనామా చేసి మే 19న లిబెరా ఛాట్ అనే కొత్త నెట్‌వర్క్ ప్రారంభించారు. ఉబుంటు, వికీమీడియా వంటి బృందాలు అక్కడికి తరలసాగాయి. కొన్ని ఛానెళ్లు ‘మేం లిబెరాకు మారాం’ అని తమ విషయ సూచికలో రాసుకున్నాయి. మే 26న ఫ్రీనోడ్ యాజమాన్యం, ఇది తమ నిబంధనలకు విరుద్ధమంటూ, అలా రాసిన సుమారు 700 ఛానెళ్లను ఒక్కసారిగా స్వాధీనం చేసుకొని, అందులోనివారిని రెండు హాష్‌ల పేర్లవైపు మళ్లించింది. సొంతదారులను కాపాడడానికి పెట్టిన రెండో అంతస్తు, వారిని పంపించే చోటుగా మారింది. నెట్‌స్ప్లిట్ అవసరం లేదు, దొంగచాటు అవసరం లేదు. పుస్తకం దిద్దితే సరిపోయింది. జూన్‌లో ఫ్రీనోడ్ కొత్త వ్యవస్థకు మారినప్పుడు పాత నమోదులు కూడా పోయాయి.

మీ వాట్సాప్ గ్రూపుకు ఈ పేరు తగాదా ఎందుకు రాదో ఇప్పుడు చెప్పగలరా? అక్కడ పేరు చిరునామా కాదు. ఒకే పేరుతో వేల గ్రూపులు ఉండవచ్చు. లోపలికి దారి సాధారణంగా లింకు ద్వారా, లేదా లోపలివారు చేర్చుకోవడం ద్వారా. పేరు వెతికి, తెలియనివారి మధ్యకు నేరుగా నడిచి వెళ్లే వీలు కూడా దానితోనే పోయింది. టెలిగ్రామ్ బహిరంగ గ్రూపుల్లో పేరు మళ్లీ చిరునామా అయింది, ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరికి దొరకదు. లిబెరా ఛాట్ మాత్రం ఫ్రీనోడ్ నాటి రెండు హాష్‌ల పద్ధతినే తెచ్చుకుంది. నమోదు పుస్తకం ఈసారి స్వీడన్‌లో నమోదైన ఒక లాభాపేక్ష లేని సంఘం చేతిలో ఉంది.